ఒంటరిగా నేర్చుకోలేని ఆట

గోల్ కొట్టినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. గోల్ ఆపినవాడి పేరు స్కోరుబోర్డు ఎక్కదు. నార్వేలో పుట్టి ఢిల్లీ, చెన్నై దాకా వచ్చి ఆడిన జాన్ ఆర్నె రీసె, హైదరాబాద్ నుంచి వెళ్లి భారత జట్టుకు కెప్టెన్ అయిన సయ్యద్ నయీముద్దీన్... ఇద్దరూ డిఫెండర్లే. ఒక ఊరు డిఫెండర్‌ని ఎలా తయారు చేస్తుంది? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆ పని చేయగలవా?

2008 ఏప్రిల్ 22. ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరం, ఆన్‌ఫీల్డ్ మైదానం. చెల్సీతో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో లివర్‌పూల్ ఒక గోల్ ముందుంది. తొంభై నిమిషాలు అయిపోయాయి. రిఫరీ కలిపిన అదనపు నిమిషాలూ అయిపోవచ్చాయి. అప్పుడు చెల్సీ ఆటగాడు కొట్టిన క్రాస్ లివర్‌పూల్ గోల్ ముందుకు దూసుకొచ్చింది. ఎడమపక్క కాపలా ఉన్న రీసె కిందికి వంగి తలతో తోశాడు. బయటికి పోవాల్సిన బంతి సొంత గోల్‌లోనే పడింది. స్కోరు 1-1. రెండో మ్యాచ్‌లో చెల్సీ గెలిచి ఫైనల్‌కు వెళ్లిపోయింది.

లివర్‌పూల్ చొక్కా వేసుకుని రీసె 348 మ్యాచ్‌లు ఆడాడు. 31 గోల్స్ కొట్టాడు. ఆ ఏడేళ్లలో ఎన్ని క్రాస్‌లు అడ్డుకున్నాడో, ఎందరు వింగర్లను గీత దగ్గరే ఆపేశాడో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ ఒక్క హెడర్ మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. డిఫెండర్ బతుకే అంత. ధర్మవరం పట్టుచీర చూసినవాళ్లు అంచు బాగుందంటారు, కొంగు బాగుందంటారు, జరీ మెరుస్తోందంటారు. పడుగు గురించి ఎవరూ మాట్లాడరు. పోగు తెగినప్పుడే దాని మీద కన్ను పడుతుంది.

ఓలెసుండ్ కుర్రాడు

నార్వే పడమటి తీరంలో ఓలెసుండ్ అనే చేపల రేవు ఉంది. రీసె పెరిగింది అక్కడే. 1980 సెప్టెంబరు 24న పుట్టాడు. తల్లి ఫుట్‌బాల్ కోచ్. తమ్ముడు బ్యోర్న్ హెల్గె కూడా తర్వాత నార్వే జట్టుకు ఆడాడు. ఊరి క్లబ్బు ఓలెసుండ్‌లో మొదలైన అన్న 1998లో, పద్దెనిమిదేళ్లయినా నిండకముందే ఫ్రాన్స్ లీగ్‌లో ఆడే మొనాకోకు చేరాడు. 2000లో ఆ జట్టు ఫ్రాన్స్ ఛాంపియన్ అయింది. 2001లో లివర్‌పూల్ పిలిచింది.

అక్కడ అడుగుపెట్టిన కొద్ది వారాలకే, ఆ ఆగస్టులో, బయర్న్ మ్యూనిక్‌తో సూపర్ కప్ మ్యాచ్‌లో తొలి గోల్ అతనిదే. ఎడమకాలి షాటు ఎంత గట్టిదంటే, ఫ్రీకిక్ దొరికితే ఎదురుగా గోడ కట్టిన ఆటగాళ్లు ముఖాలు కాచుకునేవారు. 2005 లీగ్ కప్ ఫైనల్‌లో మ్యాచ్ మొదలై నిమిషం తిరక్కముందే చెల్సీ వలలో బంతి వేశాడు. అయినా ఆ కప్పు చెల్సీకే పోయింది.

అదే ఏడాది మే 25న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. విరామానికి మిలాన్ 3, లివర్‌పూల్ 0. రెండో సగం మొదలయ్యాక ఎడమవైపు నుంచి రీసె వేసిన క్రాస్‌ను కెప్టెన్ జెరార్డ్ తలతో గోల్‌లోకి మళ్లించాడు. ఆట తిరిగింది అక్కడే. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ వచ్చాయి, మ్యాచ్ పెనాల్టీల దాకా పోయింది. రీసె కొట్టిన పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ డిడా ఆపేశాడు. అయినా లివర్‌పూల్ గెలిచింది. గెలుపుకు దారి తెరిచినవాడు, పెనాల్టీ పోగొట్టినవాడు ఒకే రాత్రి ఒకే మనిషి.

2008 సెల్ఫ్‌గోల్ తర్వాత కొన్ని వారాలకే రీసె లివర్‌పూల్ వదిలి ఇటలీలోని రోమాకు వెళ్లాడు. అక్కడ మూడేళ్లు. తర్వాత లండన్‌లోని ఫుల్హమ్, ఆపైన సైప్రస్‌లోని అపోయెల్. ఈ మధ్యలోనే, 2000 నుంచి 2013 దాకా, నార్వే జట్టుకు 110 మ్యాచ్‌లు ఆడాడు. ఆ దేశపు పురుషుల ఫుట్‌బాల్‌లో అది రికార్డు.

2015లో అతను మన దేశం వచ్చాడు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఢిల్లీ డైనమోస్ జట్టు. కోచ్ బ్రెజిల్ లెఫ్ట్‌బ్యాక్ రాబర్టో కార్లోస్. ప్రపంచంలో అత్యంత బలమైన ఎడమకాళ్లలో రెండు ఒకే జట్టులో చేరాయన్నమాట. ఢిల్లీ సెమీఫైనల్ దాకా వెళ్లి గోవా చేతిలో ఓడింది. మరుసటి ఏడాది చెన్నయిన్ జట్టుకు రీసె ప్రధాన ఆకర్షణ. ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తిన డిఫెండర్, హిందూపురం నుంచి రాత్రి బండెక్కితే తెల్లారేసరికి చేరే నగరంలో ఆడాడు.

నలభై లక్షల మంది దేశం

రీసె కథ ఒక్కటే అయితే అది అదృష్టం అనుకోవచ్చు. నార్వే సంగతి అలా లేదు.

1998 ప్రపంచకప్‌లో, జూన్ 23న, మార్సెయ్ నగరంలో బ్రెజిల్‌ను నార్వే 2-1తో ఓడించింది. అప్పటికి ఆ దేశ జనాభా దాదాపు 44 లక్షలు. మన పాత అనంతపురం జిల్లా జనాభా 2011 లెక్కల్లో 40 లక్షల పైచిలుకు. అంటే ఒక ఉమ్మడి జిల్లాకు కాస్త పెద్దదైన దేశం ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించిందన్నమాట. అప్పటి కోచ్ ఎగిల్ ఓల్సెన్. ఆయన చేతిలో బ్రెజిల్ రొనాల్డో లాంటి ఆటగాడు లేడు. ఉన్నదల్లా ఒక వరస. నలుగురు డిఫెండర్లు ఒకే గీత మీద నిలబడి, బంతి ఎటుపోతే అటు ఒక్కటిగా జరిగేవారు. ఎదుటి మనిషి వెంట పరుగెత్తడం మాని, ఎవరి చోటును వాళ్లు కాచేవారు. 1993లోనూ, 1995లోనూ ఫిఫా ర్యాంకింగ్స్‌లో నార్వే రెండో స్థానం దాకా ఎగబాకింది.

ఆ వరసకు మూలం ఎక్కడుందో చూడాలంటే బ్రునె వెళ్లాలి. నార్వే నైరుతిలో పొలాల మధ్య ఉన్న చిన్న పట్టణం. జనాభా పన్నెండు వేల చిల్లర. పెనుకొండలో దాదాపు సగం. ఆల్ఫ్ ఇంగె హాలండ్ ఆ ఊరి క్లబ్బులోనే ఆట మొదలుపెట్టాడు. రైట్‌బ్యాక్. నాటింగ్‌హమ్ ఫారెస్ట్, లీడ్స్, మాంచెస్టర్ సిటీ జట్లకు ఆడి, 1994 ప్రపంచకప్‌లో నార్వే చొక్కా వేసుకున్నాడు. మోకాలి గాయంతో 2003లో ఆట మానేశాడు. ఆయన కొడుకే ఎర్లింగ్ హాలండ్, నేడు ప్రపంచమంతా తెలిసిన ఫార్వర్డ్. అతనూ బ్రునెలోనే, ఊరి ఇండోర్ హాలులో, ఒకే ఈడు పిల్లలు నలభై మంది దాకా ఉన్న గుంపులో పెరిగాడు. కోచ్ మారలేదు, గుంపు చెదరలేదు. ఆ పిల్లల్లోంచి అతనొక్కడే కాదు, ఇంకొందరు కూడా ప్రొఫెషనల్స్ అయ్యారు.

నార్వేలో పిల్లల ఆటలకు రాసిపెట్టిన నియమాలున్నాయి. ఆరేడేళ్ల పిల్లలు ముగ్గురేసి, ఎనిమిది తొమ్మిదేళ్లవాళ్లు ఐదుగురేసి ఆడతారు. వయసు పెరిగేకొద్దీ ఏడుగురు, తొమ్మిదిమంది. పదకొండేళ్లు వచ్చేదాకా పాయింట్ల పట్టికలుండవు. పదమూడేళ్లు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్ ఉండదు. శిక్షణ ఇచ్చేది ఎక్కువగా పిల్లల అమ్మానాన్నలే, జీతం లేకుండా. ముగ్గురేసి ఆడే ఆటలో వెనక నిలబడేవాడు, ముందు పరుగెత్తేవాడు అంటూ ఉండరు. ప్రతి పిల్లాడూ గోల్ కొట్టాలి, ప్రతి పిల్లాడూ గోల్ కాయాలి.

ఇక్కడే అసలు విషయం ఉంది. గోల్ కొట్టడం ఒంటరిగా నేర్చుకోవచ్చు. గోడ ఉంటే చాలు, బంతి ఉంటే చాలు. పొద్దుగూకేదాకా కొడుతూ ఉండొచ్చు. గోల్ ఆపడం ఒంటరిగా కుదరదు. ఎదురుగా దాడి చేసేవాడు కావాలి, పక్కన తనతోపాటు జరిగేవాడు కావాలి, వెనక అరిచి చెప్పే గోల్‌కీపర్ కావాలి. ఆఫ్‌సైడ్ గీత పట్టాలంటే నలుగురి అడుగూ ఒకేసారి పడాలి. అందులో ఒక్కడు అరక్షణం ఆలస్యమైతే మిగతా ముగ్గురి శ్రమా వృథా. ఆ పొందిక వారంలో రాదు. ఏళ్లు పడుతుంది. అందుకే ఒక ప్రాంతంలో ఫుట్‌బాల్ నిజంగా ఉందా అని తెలుసుకోవాలంటే ఫార్వర్డ్‌లను లెక్కపెట్టొద్దు, డిఫెండర్లను లెక్కపెట్టాలి.

బడిపంతులు, పోలీసు జట్టు

ఆ లెక్కలో ఒకప్పుడు మనవాళ్లు వెనకబడి లేరు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. 1963 జూన్‌లో చనిపోయేదాకా ఆ జట్టుకూ, భారత జట్టుకూ ఆయనే కోచ్. చిన్న పాస్‌లు, బంతి ఆపకుండా ఒక్క తాకుతో పంపడం, బలహీనమైన కాలికి పని చెప్పడం ఆయన పాఠాలు. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే.

ఆ జట్టు నుంచి వచ్చిన డిఫెండర్ అజీజుద్దీన్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆడింది వట్టి కాళ్లతో. ఆ పరాభవం తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. చివరికి నాలుగో స్థానం. రెండు ఒలింపిక్స్ జట్లలోనూ అజీజుద్దీన్ ఉన్నాడు. పది గోల్స్ తిన్న జట్టు నాలుగో స్థానానికి ఎదగడం ఎలాగో తెలిసిన మనిషి.

తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టాడు. సిటీ పోలీసు జట్టు నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్. కాంస్యం కోసం జపాన్‌తో జరిగిన మ్యాచ్‌లో భారత్ 1-0తో గెలిచింది. ఒక్క గోల్‌తో గెలిచిన మ్యాచ్ అంటే డిఫెన్స్ గెలిపించిన మ్యాచ్. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత పతకం రాలేదు.

ఆట మానేశాక నయీం కోచ్ అయ్యాడు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. అదే ఏడాది ద్రోణాచార్య పురస్కారం, 1997లో అర్జున. 1997లో, 2005లో ఆయన శిక్షణలోనే భారత్ దక్షిణాసియా కప్ గెలిచింది. ఆటగాళ్ల తిండి, నిద్ర, నడవడిక దగ్గర ఆయన పట్టుదల సంగతి ఫుట్‌బాల్ లోకంలో అందరికీ తెలుసు.

రీసె ఊరిని క్లబ్బు నిలబెట్టింది. నయీం నగరాన్ని పోలీసు శాఖ నిలబెట్టింది. ఆటగాడికి ఉద్యోగం దొరికింది, ఉద్యోగం ఉంది కాబట్టి ఇంట్లో వద్దనలేదు, వద్దనలేదు కాబట్టి అదే పదకొండుమంది అదే మైదానంలో ఏళ్లతరబడి కలిసి ఆడారు. రహీం పోయాక, మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టాక, ఆఫీసు జట్లు సన్నబడ్డాక ఆ గొలుసు తెగింది. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది 1965-66లో, ఆ తర్వాత మళ్లీ లేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో జట్టును తెచ్చుకోవచ్చు. వేళ్లు లేనిది ఎక్కడికైనా లేచిపోతుంది.

మన మూడు ఊళ్లు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హిందూపురం జనాభా 2011 నాటికే లక్షన్నర. ధర్మవరం లక్షా ఇరవై వేలు. బ్రునె లాంటి పట్టణాలు ఇరవై దాకా ఈ రెండింటిలో పడతాయి. హిందూపురం ఎంజీఎం మైదానానికి సాయంత్రం వెళితే పిల్లలకు కొదవ లేదు. మూడొంతులు క్రికెట్. మిగిలిన మూలలో ఫుట్‌బాల్ కనిపిస్తే అందరూ ఫార్వర్డ్‌లే. వెనక నిలబడమంటే మూతి ముడుస్తారు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల ఆటకు రేపు లేదు. ఈరోజు ఎవరొస్తే వాళ్లు రెండు జట్లు. రేపు వేరేవాళ్లు. అలాంటి ఆటలో గోల్ కొట్టినవాడికే తృప్తి.

బడి స్థాయిలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలున్నాయి. మండలం, డివిజను, జిల్లా, రాష్ట్రం అంటూ అండర్ 14, అండర్ 17 సెలక్షన్లు జరుగుతాయి. పీఈటీ మాస్టార్లు తంటాలు పడి పిల్లల్ని తీసుకెళతారు. సెలక్షన్‌లో అరగంట ఆట. రెండు గోల్స్ కొట్టిన కుర్రాడు కళ్లలో పడతాడు. తన చోటు వదలకుండా నిలబడి, బంతి తన దగ్గరికే రాకుండా చేసిన కుర్రాడు ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. డిఫెండర్ మంచివాడో కాదో అరగంటలో తేలదు, ఒక సీజన్ చూడాలి. సీజన్ అనేదే లేనప్పుడు చూసేదెక్కడ?

సీజన్ ఉన్న చోటు మనకు దగ్గర్లోనే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ), అక్కడ క్రీడాగ్రామం కట్టింది. క్రికెట్, హాకీ, టెన్నిస్‌తోపాటు ఫుట్‌బాల్ మైదానాలున్నాయి. స్పెయిన్ లీగ్ వాళ్ల ఫౌండేషన్ తోడ్పాటుతో అక్కడ పిల్లలకు, ముఖ్యంగా పల్లెల ఆడపిల్లలకు, శిక్షణ నడిచింది. అనంతపురం ఫుట్‌బాల్ లీగ్ పేరుతో పిల్లల జట్లు వారంవారం ఆడాయి. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి వెళ్లి ఆడి రావడమనే అలవాటు మన కరువుసీమలోనూ సాధ్యమేనని అది చూపించింది. దారి ఉంటే ఆడపిల్లలూ వెళతారు. నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ జట్టుకు ఆడింది.

ఇంకో సంగతి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేస్తోంది. ప్రపంచకప్ మ్యాచ్ చూసినప్పుడు మైదానం చుట్టూ బోర్డుల మీద మెరిసే పేర్లలో కియా ఒకటి. ఫిఫా భాగస్వామ్య సంస్థ అది. అంటే ప్రపంచ ఫుట్‌బాల్‌కు డబ్బు పెట్టే సంస్థల్లో ఒకటి మన గడపలోనే ఉంది. జంషెడ్‌పూర్‌లో టాటావాళ్లు 1987లో ఫుట్‌బాల్ అకాడమీ పెట్టారు. అందులోంచి భారత జట్టుకు ఎందరో వెళ్లారు. ఒకనాడు హైదరాబాద్ పోలీసు శాఖ చేసిన పనిని ఈనాడు ఫ్యాక్టరీలు చేయొచ్చు. కియా చుట్టూ విడిభాగాల కంపెనీలు చాలా వచ్చాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో జట్టు, ఏడాదికి నలుగురైదుగురికి ఉద్యోగం అంటే, కొడుకు ఫుట్‌బాల్ ఆడతానంటే తిట్టే తండ్రి ఒక్కక్షణం ఆగి ఆలోచిస్తాడు.

డిఫెన్స్‌లో ఎవరెక్కడ?

గోల్‌కీపర్ ముందు మధ్యలో నిలబడేవాళ్లు సెంటర్‌బ్యాక్‌లు. మనవాళ్లు స్టాపర్ అని పిలిచేవారు. నయీముద్దీన్ చోటు అదే. పొడుగు, తలతో కొట్టే ఒడుపు, అరిచి నడిపించే గొంతు కావాలి.

రెండు అంచుల్లో ఫుల్‌బ్యాక్‌లు. ఎడమపక్క లెఫ్ట్‌బ్యాక్ రీసె, కుడిపక్క రైట్‌బ్యాక్ ఆల్ఫ్ ఇంగె హాలండ్. వింగర్‌ను ఆపాలి, అవకాశం దొరికితే గీత వెంబడి పైకి పరుగెత్తి క్రాస్ వేయాలి, మళ్లీ వెనక్కి రావాలి. జట్టులో ఎక్కువ దూరం పరుగెత్తేవాళ్లలో వీళ్లుంటారు.

మీ పిల్లాడిది ఎడమకాలా? జట్టులోకి దారి కాస్త సులువు. లెఫ్ట్‌బ్యాక్‌లకు ఎక్కడైనా కరువే.

ఒకే రైలు మార్గం

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు మార్గం మీదున్నాయి. హిందూపురం నుంచి ఇంకో వంద కిలోమీటర్లు పోతే బెంగళూరు. అక్కడ కంఠీరవ స్టేడియంలో ఆడే బెంగళూరు ఎఫ్‌సీ 2019లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్. మన కుర్రాడికి రేపు పెద్ద జట్టు తలుపు తట్టాలని ఉంటే ఆ తలుపు రాత్రి ప్రయాణమంత దూరం కూడా లేదు. కానీ ఆ తలుపు తట్టేముందు అయిదారేళ్లు అతను ఎక్కడో ఒకచోట కుదురుగా ఆడి ఉండాలి.

దానికి స్టేడియం అక్కర్లేదు. మూడు ఊళ్లలో మూడు బడి మైదానాలు, ఒక్కో వయసుకు ఒక్కో జట్టు, నెలకు రెండు శనివారాలు ఒక ఊరు ఇంకో ఊరికి వెళ్లి ఆడిరావడం. జూన్‌లో బడి తెరిచినప్పుడు మొదలుపెట్టి, మార్చిలో పరీక్షలు వచ్చేదాకా. చిన్నపిల్లలకు ఐదుగురేసి, పాయింట్ల పట్టిక లేకుండా. పెద్దవాళ్లకు పూర్తి జట్టు, రాసిపెట్టిన తేదీలతో. కప్పు, నగదు బహుమతి, ముఖ్య అతిథి లేకపోయినా నష్టం లేదు. ఏడాది మధ్యలో జట్టు చెదరకూడదన్న ఒక్క షరతు ఉంటే చాలు.

మన దగ్గర టోర్నమెంట్లకు లోటు లేదు. దసరాకో, సంక్రాంతికో ఎవరో దాత పేరున పెడతారు, మూడు రోజులు మైకు మోగుతుంది, కప్పు ఇస్తారు, జట్టు విడిపోతుంది. టోర్నమెంటు ఫార్వర్డ్‌ను చూపిస్తుంది. డిఫెండర్‌ను తయారు చేసేది లీగ్. దాతల చేతుల్లోని అదే డబ్బు ఒక్క పండగకు కాకుండా పది నెలలకు పంచితే, పదేళ్ల తర్వాత ఈ మూడు ఊళ్లలో నిలకడగా నిలబడే నలుగురి వరస తయారవుతుంది. ఫార్వర్డ్‌లు ఎలాగూ పుడతారు. వెనక నిలబడేవాళ్లను మాత్రం ఊరే తయారు చేసుకోవాలి.